మెమరీ దగ్గర క్యూ: ముందు ఎవరిని పంపాలి?



ఇక్కడ చదువుకొని చిప్ డిజైన్ పనిలో చేరిన మమ్మల్ని ఇంటర్, డిప్లొమా తమ్ముళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని అసలు ఏం చేస్తారు?" అని. అంతా చెప్పాలంటే ఒక పుస్తకం అవుతుంది. అందుకని అందులోని ఒక్క భాగాన్నే, మెమరీ కంట్రోలర్‌ను, ఈ సంచికలో వివరిస్తున్నాము.

ఎంబెడెడ్ ప్రాసెసర్ అంటే ఒక పరికరంలో ఇమిడిపోయి దాని పని మాత్రమే చూసే ప్రాసెసర్. వాషింగ్ మెషిన్‌లో, సెట్ టాప్ బాక్సులో, కారులో, ఆస్పత్రి మానిటర్‌లో ఉండేది ఇదే. వాషింగ్ మెషిన్ లాంటి వాటికి చిప్ లోపలే ఉన్న కాస్త మెమరీ చాలు. తెర, కెమెరా ఉన్న వాటికి మాత్రం బయట పెద్ద మెమరీ కావాలి. అదే డీర్యామ్. ఒక బిట్టును దాచడానికి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ సరిపోతాయన్న ఆలోచన ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు 1966లో వచ్చింది. 1968లో పేటెంట్ దొరికింది. చౌకగా ఉండటానికి కారణం ఈ నిర్మాణమే. చిక్కులు కూడా దీనివల్లనే.

కెపాసిటర్‌లోని చార్జి కారిపోతుంది. అందుకే డీడీఆర్3 మెమరీలో ప్రతి 64 మిల్లీసెకన్లలోపు మొత్తాన్ని ఒకసారి చదివి మళ్ళీ నింపాలి. దీన్ని రిఫ్రెష్ అంటారు. ఆ 64 మిల్లీసెకన్లలో 8192 రిఫ్రెష్ ఆజ్ఞలు ఇవ్వాలి కాబట్టి సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకటి పడుతుంది. 4 గిగాబిట్ల చిప్‌లో ఒక్కో రిఫ్రెష్‌కు 260 నానోసెకన్లు పడుతుంది. అంటే కాలంలో నూటికి 3 వంతులకు పైగా దీనికే పోతుంది. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే రెట్టింపు తరచుగా చేయాలి. ఎండలో నిలబెట్టే కారు కోసం డిజైన్ చేసేవాళ్ళు ఈ లెక్క మరచిపోకూడదు.

ఇక అసలు విషయానికి వద్దాం. డీడీఆర్3 చిప్‌ను ఎనిమిది బీరువాలున్న గది అనుకోండి. ఒక్కో బీరువా ఒక బ్యాంకు. ప్రతి బీరువాకు వేల సొరుగులుంటాయి, కానీ ఒకసారికి ఒక్క సొరుగే తెరవగలం. ఆ సొరుగే రో. 16 బిట్ల వెడల్పున్న చిప్‌లో ఒక రోలో 2 కిలోబైట్ల సమాచారం ఉంటుంది. కావలసినది తెరిచి ఉన్న సొరుగులోనే ఉంటే తీసుకోవచ్చు. లేకపోతే పాతది మూయాలి, కొత్తది తెరవాలి, తర్వాత తీసుకోవాలి. డీడీఆర్3-1600 చిప్‌లో ఈ మూడు పనులకూ తలా 13.75 నానోసెకన్లు. అంటే మొదటి సందర్భంలో 13.75 నానోసెకన్లకే వచ్చే సమాచారం రెండో సందర్భంలో 41.25 తర్వాత గాని రాదు.

దీని ఫలితం చూడండి. ఇదే చిప్ ఒక్క విడతలో 16 బైట్లను 5 నానోసెకన్లలో పంపుతుంది. తెరిచిన సొరుగు నుంచి ఆగకుండా తీస్తే సెకనుకు 3200 మెగాబైట్లు. ప్రతి రిక్వెస్టూ ఒకే బ్యాంకులో వేరే రోకు పోతే, రెండు సొరుగులు తెరవడం మధ్య కనీసం 48.75 నానోసెకన్లు ఆగాలి కాబట్టి, 330 మెగాబైట్లు కూడా రావు. చిప్ అదే, ధర అదే, పని పదో వంతు!

వేగమైన మెమరీ కొంటే సరిపోదా అని అడుగుతారు. డీడీఆర్2-800లో సొరుగు తెరవడానికి 12.5 నానోసెకన్లు పట్టేది. డీడీఆర్4-3200లో కూడా 13.75 పట్టే చిప్‌లు ఉన్నాయి. తరం మారినప్పుడల్లా పెరిగింది పంపే వేగం మాత్రమే. కాబట్టి డబ్బు పెట్టి తీర్చుకునే సమస్య కాదిది. వరుసను సరిగ్గా అమర్చుకోవాల్సిందే.

మొదటి అమర్పు చిరునామాది. 640 చుక్కల వెడల్పున్న కెమెరా బొమ్మలో చుక్కకు 2 బైట్లయితే ఒక గీతకు 1280 బైట్లు. బొమ్మను అడ్డంగా చదివితే ఒక రోలో గీతన్నర వస్తుంది. తొంభై డిగ్రీలు తిప్పడానికి నిలువుగా చదివితే ఒకటి రెండు చుక్కలకే రో మారిపోతుంది. అందుకని చిరునామాలో బ్యాంకు బిట్లను కాలమ్ బిట్లకు వెంటనే పైన పెడతారు. అప్పుడు వరుస రోలు వేర్వేరు బ్యాంకుల్లో పడతాయి, ఒక బీరువా నుంచి తీస్తుండగానే ఇంకో దాంట్లో సొరుగు తెరవచ్చు. కొన్ని తీగల క్రమం మార్చడమే, పైసా ఖర్చు లేదు. మాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

రెండోది, ఎవరి వంతు ముందు అన్నది. మన మెస్సునే తీసుకోండి. అన్నం బకెట్టు పట్టుకున్న అన్న, క్యూలో ఎవరు ముందున్నా సరే, అన్నం అడిగిన వాళ్ళందరికీ వేసేసి ఆ తర్వాతే మజ్జిగ బకెట్టు తీస్తే వడ్డన తొందరగా అవుతుంది. మెమరీకి ఈ పద్ధతి ఎంత లాభమో స్కాట్ రిక్స్‌నర్, విలియం డాలీ తదితరులు 2000లో ఒక పరిశోధన పత్రంలో చూపించారు. తెరిచిన సొరుగును అడిగిన వాళ్ళకు ముందు, మిగతా వాళ్ళకు వచ్చిన వరుసలో.

మరి మారు అన్నం అడిగేవాళ్ళు వస్తూనే ఉంటే? మజ్జిగ కోసం గ్లాసు పట్టుకున్న అయిదో తరగతి పిల్లవాడు నిలబడే ఉంటాడు. మెమరీ దగ్గర కూడా అచ్చంగా ఇదే జరుగుతుంది. ఒకే సొరుగును పదే పదే అడిగే ప్రోగ్రాం ఒకటి పక్క ప్రోగ్రాంలను ఎలా కుంగదీయగలదో థామస్ మాస్కిబ్రోడా, ఓనూర్ ముట్లు 2007లో చూపించారు.

ఇంట్లో కంప్యూటర్‌లో ఇది జరిగితే ఒక విండో కాసేపు ఆగుతుంది, అంతే. కారు బ్రేకులు చూసే ప్రాసెసర్‌కు సమాచారం ఆలస్యమైతే? అందుకే మా దృష్టిలో ఎంబెడెడ్ పరికరంలో సగటు వేగం కంటే, అందరికంటే ఎక్కువసేపు వేచి ఉన్న రిక్వెస్టు ఎంతసేపు వేచి ఉందన్నది పెద్ద ప్రశ్న. ఎన్నో డిజైన్ల ప్రచార కాగితాల్లో మొదటి అంకె కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

దీనికి మార్గాలున్నాయి. ప్రతి రిక్వెస్టుకూ వయసు లెక్కించి, హద్దు దాటగానే దాన్ని ముందుకు తేవచ్చు. ఎవరి వాటా వాళ్ళకు కాలం పంచవచ్చు. ప్రతిసారీ సొరుగు మూసేసే పద్ధతీ ఉంది. సగటు తగ్గుతుంది గాని, ఎంతసేపు పడుతుందో ముందే కచ్చితంగా చెప్పవచ్చు.

అలాగని అందరికీ తొందర ఉండదు. 800 చుక్కలు, 480 గీతల తెర సెకనుకు 60 సార్లు మారితే, చుక్కకు 2 బైట్ల చొప్పున సెకనుకు 46 మెగాబైట్లు కావాలి. 3200 ముందు అదెంత! కానీ సమయానికి రాకపోతే తెర మినుకుమంటుంది. ఆ తెర దగ్గర 1 కిలోబైటు చిన్న నిల్వ పెట్టండి. గీతల మధ్య విరామాలను పక్కన పెడితే, ఆ నిల్వ సుమారు 22 మైక్రోసెకన్లు సరిపోతుంది. అంతవరకు కంట్రోలర్ మిగతా వాళ్ళ పని నిశ్చింతగా చూసుకోవచ్చు. నిల్వ సగానికి వచ్చినప్పుడు తెర తన అత్యవసరాన్ని ఒక్క తీగ ద్వారా చెబితే చాలు.

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివిన తమ్ముళ్ళు దీన్ని చేసి చూడవచ్చు. ఖరీదైన బోర్డు అక్కర్లేదు. వెరిలాగ్ కోడు నడపడానికి ఇకారస్ వెరిలాగ్, సిగ్నళ్ళు చూడటానికి జీటీకేవేవ్ ఉచితంగా దొరుకుతాయి. మామూలు కంప్యూటర్‌లో పనిచేస్తాయి. ముందు ఒక్క బ్యాంకుతో మొదలుపెట్టండి. మూయడం, తెరవడం, చదవడం, రిఫ్రెష్ అనే నాలుగు స్థితుల స్టేట్ మెషిన్ రాయండి. తర్వాత రెండు వైపుల నుంచి రిక్వెస్టులు పంపండి. ఒకటి ఎప్పుడూ ఒకే రోను అడిగేది, ఇంకొకటి అప్పుడప్పుడు వేరే రోను అడిగేది. రెండో దాని అతి పెద్ద నిరీక్షణ ఎన్ని క్లాకులో ఒక కౌంటరు పెట్టి లెక్కించండి. వయసు హద్దు లేకుండా ఒకసారి, హద్దు పెట్టి ఒకసారి.