ఋతుపవనాలకు ముందు వచ్చే జల్లులు

మార్చి నుండి మే వరకు సాగే వేసవి దేశమంతటా ఒకే రీతిగా ఉండదు. వాయవ్యం నుండి వీచే పొడి వేడిగాలి బంగాళాఖాతపు తేమగాలితో కలిసినప్పుడు ఛోటానాగపూర్ ప్రాంతంలో మధ్యాహ్నానికి మేఘాలు కొండలవలె పెరుగుతాయి. సాయంకాలానికి అవి తూర్పునకు సాగి పెనుగాలి, పిడుగులు, ఒక్కొక్కప్పుడు వడగండ్లు కురిపిస్తాయి. గంటలోపే వాతావరణం చల్లబడుతుంది. బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో దీని పేరు కాల్‌బైశాఖి, అస్సాంలో బొర్దొయిసిలా. పేరు భయంకరమే అయినా తేయాకు చిగుళ్ళకు, జనుము పైరుకు ఆ వానే ఆధారం.

కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటలలో ఈ జల్లులకున్న విలువ మరీ ఎక్కువ. వాన పడిన వారం పది దినాలకు మొగ్గలు విచ్చుకొని తోటంతా తెల్లబడుతుంది. చాలీచాలని జల్లు అసలు లేకపోవుటకంటె చేటు. సగం మేల్కొన్న మొగ్గ ఎండకు మాడిపోతుంది. పూత నిలువడానికి కొద్ది వారాలకు మరొక వాన కావాలి.

తెలుగునాట వీటిని మామిడి జల్లులంటారు. గాలి ముదిరితే మాత్రం కాయ రాలుతుంది, కల్లంలోని రబీ ధాన్యం తడుస్తుంది. ఇటువంటి ఉరుముల వాన కొద్ది కిలోమీటర్ల మేరకే పరిమితం కనుక ఏ ఊరిలో కురిసేదీ ముందురోజున నిర్ణయించుట కష్టం. రాడార్ రెండు మూడు గంటల ముందు చెప్పగలదు. ధాన్యపు రాశిపై పట్టా కప్పడానికి, చెట్టు క్రింది నుండి ఇంటికి చేరడానికి ఆ వ్యవధి చాలు.