మబ్బులో దాచుకున్న మూట



కిందటేడు ఆషాఢంలో నా ఫోను నిండిపోయింది. ఫొటో తీద్దామంటే చోటు లేదని మొండికేసింది. ఫొటోలన్నీ క్లౌడులో ఉన్నాయి కదా, మళ్ళీ ఫోనులో ఎందుకూ అనుకుని, ఒక మధ్యాహ్నం కూర్చుని వందలకొద్దీ చెరిపేశాను. ఇల్లు దులుపుకున్నంత తృప్తి! తీరా దీపావళి వెళ్ళాక, మా అత్తగారి సంవత్సరీకానికి ఫొటో కావలసివచ్చి వెతికితే, ఫోనులోనూ లేవు, క్లౌడులోనూ లేవు. ఆవిడ మాతో గడిపిన ఆఖరి సంక్రాంతి ఫొటోలవి. ముగ్గులో గొబ్బెమ్మలు పెడుతూ నవ్విన ఫొటో ఒక్కటి మాత్రం, ఎప్పుడో మా తోడికోడలికి వాట్సాప్‌లో పంపి ఉండబట్టి దక్కింది.

తప్పు నాదే. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలూ.

క్లౌడంటే మబ్బు. పేరుకే మబ్బు గాని, ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో పెద్ద భవనాల్లో రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటర్లవి. మన ఫొటోలు, కాగితాలు ఇంటర్నెట్ ద్వారా అక్కడికి పంపడమే అప్‌లోడ్ చేయడం. అయితే ఫోనూ, క్లౌడూ చాలాసార్లు ఒకే బీరువాకి రెండు తలుపుల్లాంటివి. ఈ తలుపు తీసి చీర పారేస్తే ఆ తలుపులోంచి చూసినా కనపడదు. గూగుల్ ఫొటోస్‌లో ఫొటో చెరిపితే క్లౌడులోనూ పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, ఆ తరువాత దొరకదు. గూగుల్ డ్రైవ్‌లో ఆ గడువు 30 రోజులే. ఫోనులో చోటు కావాలంటే ఒక్కొక్కటీ చెరపకండి. అందులోనే ‘ఫ్రీ అప్ స్పేస్’ అని ఉంటుంది. అది నొక్కితే, క్లౌడుకి చేరిన ఫొటోలను ఫోనులోంచి మాత్రమే తీసేస్తుంది.

మేముండేది ఫిల్మ్‌నగర్ దగ్గర. సినిమా పనివాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. షూటింగులో కెమెరా ముందు క్లాపు కొడతారు చూడండి, దాని మీద సీను, షాటు, టేకు నంబర్లు రాసి ఉంటాయి. అవి లేకపోతే ఎడిటింగ్ గదిలో ఏ ముక్క ఎక్కడిదో తెలియదు. రెండోది, కెమెరాలోని కార్డును ఒకటికి రెండు చోట్ల కాపీ చేసి, సరిగా వచ్చిందని చూసుకున్నాకే దాన్ని చెరుపుతారు.

మనమూ అంతే చేద్దాం. అప్‌లోడ్ చేశాక, వెళ్ళిందిలే అనుకుని వదిలేయకండి. వైఫై మధ్యలో ఆగితే సగంలో నిలిచిపోవచ్చు. కంప్యూటర్లోనో, ఇంకొకరి ఫోనులోనో మీ అకౌంటు తెరిచి, నాలుగైదు ఫొటోలు విప్పి చూడండి. పని కాగానే అందులోంచి మీ అకౌంటు మూసేయడం మరచిపోకండి.

ఇహ పేర్లు. పొడుగాటి అంకెలతో ఉన్న పేర్లు మనకేం చెబుతాయి? పోపులడబ్బాలో ఏ గిన్నెలో ఏముందో చీకట్లోనైనా చెప్పగలం గదా! కాగితానికి ‘2024-06-12 ఇంటి పన్ను రసీదు’ అని పేరు పెట్టండి. సంవత్సరం ముందు, తరువాత నెల, తరువాత తేదీ రాస్తే, అన్నీ వాటంతటవే వరుసలో నిలబడతాయి. ఫోల్డర్లు అయిదు చాలు: ఇంటి కాగితాలు, ఆరోగ్యం, పిల్లల చదువు, బ్యాంకు, వంటలు. ఫొటోలకైతే ‘2023 సంక్రాంతి’ అని ఆల్బములు కట్టుకోండి. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె పెట్టుకుంటూ పోతే, పెట్టిన మనకే దొరకదు.

గూగుల్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఈమెయిలు, డ్రైవ్, ఫొటోలు మూడూ ఆ చోటే పంచుకోవాలి. పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలతో దాన్ని నింపకండి. రెండేళ్ళపాటు అసలు వాడని అకౌంటును వాళ్ళు తీసేయవచ్చు కూడా. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ పేర పిల్లలు తెరిచి వదిలేసిన అకౌంట్లుంటే, అప్పుడప్పుడు తెరుస్తూ ఉండండి. పాస్‌వర్డు గట్టిది పెట్టుకుని, రెండంచెల తనిఖీ కూడా పెట్టుకోండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి. బ్యాంకు కాగితాలను, లింకు ఉన్నవారెవరైనా చూసేలా పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: ప్రాణప్రదమైనవి ఒక్క క్లౌడునే నమ్మి ఉంచకండి. ఏడాదికోసారి ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి. వీలైతే ఇంకొకటి వేరే ఊళ్ళో తోబుట్టువుల ఇంట ఉంచండి.

ఒక్కచోటే ఉన్నది పోతే ఏమవుతుందో సినిమావాళ్ళకి బాగా తెలుసు. మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వచ్చింది. ఇవాళ దాని ప్రింటు ఒక్కటీ దొరకదు. పూణేలో 2003లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో పాత సినిమాల రీళ్ళు కాలిపోయాయి. అందుకే 2019 డిసెంబరులో మన అన్నపూర్ణ స్టూడియోలో, సినిమాలను భద్రపరచడం ఎలాగో నేర్పే శిక్షణ శిబిరం పెట్టారు. అంతంత పెద్ద సినిమాలే పోయినప్పుడు, మన ఇంటి సంక్రాంతి ఎంత!

ఈ ఆదివారం వంట కాగానే ఒక్క గంట కూర్చోండి. మీ అమ్మగారివో, అత్తగారివో ఒక పది ఫొటోలు తీసి, పేర్లు పెట్టి, రెండు చోట్ల దాచండి. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు.

ఆ ఒక్క గొబ్బెమ్మల ఫొటో నేనిప్పుడు మూడు చోట్ల దాచుకున్నాను. మరి సెలవు!