ఓజోన్ ముప్పు: వరికి ఊరట.. మొక్కజొన్నకు గండం? నెల్లిమర్ల రైతులూ ఇది చూడండి!

పై ఆకాశంలో ఓజోన్ మనకు రక్ష.. నేల దగ్గర చేరితే పంటకు విషం. బండ్లు, ఫ్యాక్టరీల పొగకు ఎండ తోడైతే పుడుతుంది. గాలితో దూరం నుంచీ వస్తుంది. ఆకు రంధ్రాల్లో దూరి పైరును నీరసపరుస్తుంది. మచ్చ కనిపించకపోయినా దిగుబడి తగ్గొచ్చు.

2005లో దేశం ఇలా 35 లక్షల టన్నుల గోధుమ, 21 లక్షల టన్నుల వరి నష్టపోయిందని 2014లో వచ్చిన అధ్యయనం అంచనా.

మరి ముప్పు లెక్కించేదెలా? సగటు చూస్తే సరిపోదు. పగటిపూట ఓజోన్ 40 పీపీబీ, అంటే వంద కోట్లలో 40 పాళ్లు దాటిన ప్రతి గంటా ఎంత దాటిందో మూడు నెలలు కూడతారు. నెల్లిమర్ల వైపు ఖరీఫ్ వరికి మబ్బులు, వానలే కాపలా. ఎండ కాసే రబీలో మొక్కజొన్నపైనే కన్నేసి ఉంచాలి. పురుగుమందు కొడితే పోయే రోగం కాదిది!