ఊళ్లో రాముడు... అడవిలో భీముడు!

రాబర్ట్ డి నీరో నటించిన ‘ది డీర్ హంటర్’ చూశారా? 1978లో వచ్చి, ఉత్తమ చిత్రంతో సహా 5 ఆస్కార్లు పట్టుకుపోయిన సినిమా. అందులో పెన్సిల్వేనియా ఉక్కు ఫ్యాక్టరీ కుర్రాళ్లు కొండల్లోకి జింకల వేటకు బయల్దేరతారు. ఎందులో అనుకున్నారు? జీపులో కాదు, లారీలో కాదు. 1959 మోడల్ తెల్ల క్యాడిలాక్‌లో! వెనక రెండు రెక్కలు, ముందు మెరిసే బంపరు... పెళ్లికొడుకుని ఊరేగించాల్సిన కారది. తిరిగొచ్చేటప్పుడు దాని బానెట్ మీద చచ్చిన జింక!

దీనికి అవతలి గట్టున ఉంటుంది ‘హటారి’ (1962). దర్శకుడు హోవర్డ్ హాక్స్, హీరో జాన్ వేన్. టాంగనీకా, అంటే ఇప్పటి టాంజానియా మైదానాల్లో జూల కోసం జంతువుల్ని ప్రాణాలతో పట్టే ముఠా కథ. బండి ముందు మడ్‌గార్డు మీద కుర్చీ బిగించి, అందులో మనిషిని కూచోబెట్టి, ఖడ్గమృగం పక్కనే పరిగెత్తిస్తారు. ఛేజింగ్ అంటే అదీ! కాని ఆ బండిలో పిల్లల్ని బడికి దింపగలమా? అత్తగారిని గుడికి తీసుకెళ్లగలమా?

మరి ఒకే బండి ఊళ్లో సంసారం ఈదాలి, అడవిలో వేటకూ పనికిరావాలి అంటే? ఇక అది ద్విపాత్రాభినయమే! 1964లో ‘రాముడు-భీముడు’లో ఎన్.టి.ఆర్. చేసినట్టు, పొద్దున సాధువైన రాముడు, సాయంత్రం దుందుడుకు భీముడు. మనిషికి మేకప్ మార్చితే చాలు. ఇనుముకి ఎలా మారుస్తాం?

డెట్రాయిట్ నుంచి ఫోను

సినిమా వార్తలు రాసుకునే వాడికి ఈ గొడవ ఎందుకంటారా? మా పెద్దమ్మ కొడుకు వల్ల వచ్చింది. అన్నయ్య అమెరికాలో డెట్రాయిట్ శివార్లలో ఉంటాడు. అది కార్ల ఊరు. మన తెలుగువాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. తోటి ఉద్యోగులు పిలిస్తే ఒక ఏడాది సరదాగా వేటకు వెళ్లాడు. లైసెన్సు తీసుకున్నాడు, చట్టం చెప్పిన నారింజరంగు కోటు కొన్నాడు. అంతే, అలవాటైపోయింది. మిచిగన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట సీజను నవంబర్ 15న మొదలై 30తో ముగుస్తుంది. ఆ 15వ తేదీ అక్కడివాళ్లకు మనకు అభిమాన హీరో సినిమా రిలీజు రోజు లాంటిది. ఏ వారమైనా సరే, సెలవు పెట్టాల్సిందే!

ఇంట్లో పాత కారు ముసలిదైంది. కొత్తది ఒక్కటే కొనగలరు. అన్నయ్యకేమో అయిదు మైళ్ల మాకినా వంతెన (1957లో తెరిచారు) దాటి, ఉత్తరాన మంచు కురిసే మట్టిబాటల్లో నడిచే బండి కావాలి. వదినకేమో ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు వెనక సీట్లో హాయిగా కూచునే బండి కావాలి.

“నువ్వే చెప్పవయ్యా మరిదీ! పొద్దున పిల్లలు ఎక్కే బండిలో రాత్రి తుపాకీ ఏమిటి? మీ అన్నయ్యకి చెబితే నవ్వుతాడు” అంది వదిన ఫోన్లో. ఆవిడ నవ్వడం లేదు. ఆ మాట నాకు పట్టుకుంది. రంగు, రేటు, మైలేజీ తర్వాత సంగతి. అసలు ప్రశ్న అదే కదా!

దొరల బండి, జనాల బండి

కాస్త ఫ్లాష్‌బ్యాక్‌కి వెళదాం. ఇంగ్లండులో దొరలు వేటకు పోయేటప్పుడు మనుషుల్ని, కుక్కల్ని, తుపాకుల్ని, కొట్టిన పిట్టల్ని మోసుకెళ్లే గుర్రబ్బండిని ‘షూటింగ్ బ్రేక్’ అనేవారు. సినిమా షూటింగులో ఇచ్చే బ్రేక్ కాదు సుమా! మోటార్లు వచ్చాక ఆ పేరు చెక్క బాడీ కార్లకు దిగింది. అమెరికాలో అదే రకం బండి రైల్వే స్టేషన్ల దగ్గర ప్రయాణికుల్ని, సామాన్లని మోసి ‘స్టేషన్ వ్యాగన్’ అయింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, జీపులు చేసిన విల్లీస్ కంపెనీ 1946లో ఇనప బాడీ స్టేషన్ వ్యాగన్ తీసింది. డిజైన్ చేసినవాడు బ్రూక్స్ స్టీవెన్స్. 1949లో దానికి నాలుగు చక్రాల డ్రైవు కూడా ఇచ్చారు. చూశారా, యుద్ధంలో ఫైటింగులు చేసిన హీరో ఇంటికొచ్చి కుటుంబ కథా చిత్రంలో వేషం వేశాడన్నమాట! 1970లో ఇంగ్లండు రేంజ్ రోవర్ వచ్చింది. ఇప్పుడు అది లక్షాధికారుల బండి గాని, మొదట్లో దాని సీట్లు, నేల బురదైతే కడుక్కునే రకం. రైతు పొలంలో దున్నాక పట్నంలో డిన్నరుకు వెళ్లాలన్నదే ఆలోచన.

సినిమావాళ్లు కూడా ఇందులో చెయ్యి పెట్టారండోయ్! 1990ల్లో సుబారు కంపెనీ మామూలు వ్యాగన్‌ని కాస్త ఎత్తు లేపి ‘ఔట్‌బ్యాక్’ అని పేరు పెట్టి అమెరికాలో దించింది. ప్రకటనల్లో ఎవరిని పెట్టారో తెలుసా? ‘క్రొకడైల్ డండీ’ (1986) హీరో పాల్ హోగన్‌ని! మొసళ్లతో కుస్తీ పట్టినవాడు ఇంటి కారు అమ్మాడు. జనం కొన్నారు.

స్క్రీన్ టెస్ట్

అన్నయ్య, వదిన నెల రోజులు షోరూముల చుట్టూ తిరిగారు. నేను ఇక్కడినుంచి చదివి, అడిగి, ఫోన్లో వాదించాను. మా స్క్రీన్ టెస్టుకి ముగ్గురు నటులు వచ్చారు.

మొదటిది మినీవ్యాన్. 1983 చివర్లో లీ ఐకోకా హయాంలో క్రైస్లర్ దించిన రకం. తలుపు పక్కకు జారుతుంది, పిల్లలు ఇరుకు పార్కింగులో కూడా తేలిగ్గా ఎక్కుతారు. వదిన ఓటు దీనికే. కాని పొట్ట నేలకు దగ్గర. చక్రాల జాడలు లోతుగా పడ్డ అడవి బాటలో మంచుగడ్డ మీద కూచుండిపోతే లాగడానికి మరో బండి రావాలి.

రెండోది పికప్ ట్రక్కు. అన్నయ్య కళ్లు మెరిసింది ఇక్కడే. వెనక తొట్టి మనుషులకు వేరు, జింక వేరు, బురద వేరు. వేటకు ఇంతకన్న సుఖం లేదు. కాని పొడుగు చూస్తే వాళ్ల గరాజులో పట్టదు. మూడేళ్లవాణ్ణి రోజూ రెండు పూటలా ఎత్తి ఎక్కించాలంటే వదిన నడుము విరుగుతుంది. సంతకు వెళితే కూరగాయలు తొట్టిలో వానకు తడుస్తాయి.

మూడోది ఎత్తు లేపిన వ్యాగన్, లేదా మధ్యరకం ఎస్.యూ.వీ. నేలకీ బండి పొట్టకీ మధ్య 8 అంగుళాల పైన జాగా. ఊళ్లో కారులాగే తిరుగుతుంది, వెనక సీటు మడిస్తే పొడుగాటి చదును నేల వస్తుంది. హీరో దొరికాడనుకున్నాం!

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’ (1980)లో బ్రేకుల్లేని లాండ్ రోవర్‌తో హీరో పడే పాట్లు చూసి పడిపడి నవ్వాం కదా? నవ్వులో నిజం ఉంది. నాలుగు చక్రాల డ్రైవు బండిని కదిలిస్తుందే గాని ఆపదు. మంచు మీద ఆపేవి బ్రేకులూ టైర్లూ. అందుకే చలికాలపు టైర్లు నాలుగూ విడిగా కొనుక్కునే డబ్బు ముందే పక్కన పెట్టమన్నాను.

క్లైమాక్స్ డిక్కీలో ఉంది

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. మిచిగన్ చట్టం ప్రకారం వేట తుపాకీని బండిలో తీసుకెళ్లాలంటే తూటాలు తీసెయ్యాలి. ఆపైన అది సంచిలోనో పెట్టెలోనో మూసి ఉండాలి, లేదా విడదీసి ఉండాలి, లేదా డిక్కీలో ఉండాలి, లేదా లోపల కూచున్నవాళ్ల చేతికి అందకుండా ఉండాలి. మామూలు కారుకు డిక్కీ వేరే గది. వ్యాగన్‌కి, ఎస్.యూ.వీ.కి అది లేదు! సీటు వెనకంతా ఒకే హాలు. మూడేళ్లవాడు సీటు మీదనుంచి వంగితే సామాను చేతికి తగులుతుంది. చట్టానికి పెట్టె మూత చాలు. తల్లికి చాలదు.

షోరూములో పాప వెనకకెక్కి సీట్లు లెక్కపెట్టిందట. “ఈ సీటు నాది, ఇది తమ్ముడిది. మరి జింక ఎక్కడ కూచుంటుంది నాన్నా?” అమ్మేవాడికి తెలుగు రాదు కనక చిరునవ్వుతో నిలబడ్డాడు. అన్నయ్య నోట మాట రాలేదట. “అంతకుముందు నెల రోజులు నేను వాదించిందంతా ఆ పిల్ల ఒక్క ముక్కలో అడిగేసింది మరిదీ” అంది వదిన.

ఆ రాత్రి ఇద్దరూ కాగితం మీద రోజులు లెక్కపెట్టారు. వేట రోజులు, దారి ప్రయాణంతో కలిపి, ఏడాదికి పది. బడి, ఆఫీసు, ఆస్పత్రి, గుడి, బజారు... మిగతా 355. పది రోజుల కోసం 355 రోజుల బండిని కొనకూడదు. 355 రోజుల బండిని కొని, పది రోజులకు కావలసినవి తగిలించాలి. తేలింది ఇదీ.

వ్యాగనే కొన్నారు, సెకండ్ హ్యాండుది. వెనక హుక్కు పెట్టించి, దానికి తగిలించే ఇనప తట్ట, టార్పాలిన్ కొన్నారు. జింక వస్తే బయట తట్టలోనే, ఎప్పుడూ లోపలికి రాదు. ఆ తట్ట లైట్లకు, నంబరు పలకకు అడ్డం రాకుండా చూశారు. లోపల అంచు లేచిన రబ్బరు చాపలు పరిచారు. తుపాకీకి తాళం పెట్టె, తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. వీటన్నిటికీ మించి వదిన పెట్టిన షరతు ఒకటుంది. పిల్లలు బండిలో ఉన్న రోజు తుపాకీ బండిలో ఉండదు. తుపాకీ ఉన్న రోజు పిల్లలు ఉండరు. అన్నయ్య బేరమాడలేదు.

బండి చూడ్డానికి వెళ్లేవాళ్లెవరికైనా నేను చెప్పే కిటుకు ఒకటే. ఉత్త చేతులతో వెళ్లకండి. పిల్లల సీట్లు తీసుకెళ్లి అక్కడే బిగించి చూడండి. మీరు మోసే పొడుగాటి సామాను కొలత తాడు మీద ముడివేసి తీసుకెళ్లండి. సీట్లు బిగించి ఉండగానే ఆ తాడు వెనక పడుతుందో లేదో చూడండి. పుస్తకంలో అంకెలు అబద్ధం చెప్పకపోవచ్చు గాని, తాడు అసలే చెప్పదు.

మరి మన సంగతి?

ఇది చదివి మన కుర్రాళ్లెవరూ తుపాకీ కోసం వెతక్కండి! మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి జరిగిన సవరణ కలిసి సరదా వేటకు తలుపులు మూసేశాయి. అడవిలో జింకను కొడితే హీరోయిజం కాదు, జైలు. అక్కడ సీజను, లైసెన్సు, లెక్క ఉన్నాయి. ఇక్కడ లేవు, ఉండక్కర్లేదు కూడా.

కాని బండి లెక్క మాత్రం మనకూ అదే. హైదరాబాదు ట్రాఫిక్కులో 355 రోజులు, నల్లమల మట్టిరోడ్లలో పది రోజులు. పొట్ట ఎత్తుగా, టైర్లు గట్టిగా, వెనక సీట్లో అమ్మానాన్నలకు ఒళ్లు నొప్పులు రాకుండా ఉంటే చాలు. తుపాకీ చోట కెమెరా, బైనాక్యులర్లు, ఒక క్యారేజీ పులిహోర పెట్టుకోండి.

అన్నట్టు, ‘సఫారీ’ అనగానే మనకు వేట గుర్తొస్తుంది. అది స్వాహిలీ మాట. దాని మూలం అరబ్బీ ‘సఫర్’. మన పాతబస్తీలో ఎవరిని అడిగినా అర్థం చెబుతారు... ప్రయాణం అని!