రెండో గోల్‌కీపర్

హాకీ జట్టులో గోల్‌కీపర్ ఎవరో కాలేజీ అంతా ఎరుగును. రెండో గోల్‌కీపర్ ఎవరని అడిగితే జట్టులో వాళ్ళు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఈ సంవత్సరం మన కాలేజీ జట్టులో ఆ రెండోవాణ్ణి నేనే. అంతర కళాశాలల పోటీలకు జట్టుతోపాటు పోయినాను, వచ్చినాను. ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా నాయన "ఆడినావా?" అని అడిగినాడు. "లేదు నాయనా, నేను అదనంగా ఉంటాను" అన్నాను. "అదనంగా ఉండేదానికి బస్సు చార్జీలు దేనికిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటూ చదివినదీ, ఆలోచించినదీ ఈ వ్యాసంలో పాఠక మిత్రుల ముందు పెడుతున్నాను.

మాది గుర్రంకొండ దగ్గర పల్లె. కొండ మీద కోట, కొండ కింద టమోటా తోటలు. మా ప్రాంతంలో పిల్లలు ఆడేది క్రికెట్టు, కబడ్డీ. హాకీ కర్ర నేను మొదటిసారి చూసింది ఈ కాలేజీలోనే. అందుకే మన పాత చిత్తూరు జిల్లా నుంచే ఒక అమ్మాయి భారత హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిందని తెలిసినప్పుడు నమ్మలేకపోయినాను. ఆమె పేరు ఎతిమరపు రజని. పుట్టింది 1990లో, ఎనుములవారిపల్లెలో. మా గుర్రంకొండ నుంచి పీలేరు మీదుగా తలకోన దిక్కుకు పోతే ఆ ప్రాంతం వస్తుంది. తండ్రిది వడ్రంగం పని. సికింద్రాబాదు వంటి చోట పుట్టి ఉంటే సంగతి వేరు. అక్కడ మైదానాలున్నాయి, జట్లున్నాయి. 1992, 1996, 2000 ఒలింపిక్సులు మూడింటిలోనూ ఆడిన ముఖేష్ కుమార్ ఆ హైదరాబాదు, సికింద్రాబాదుల హాకీలోనుంచి వచ్చినవాడే. తలకోన అడవి అంచున అటువంటి ఏర్పాటేదీ లేదు.

రజని ఆట జీవితం చదువుతూ పోతే నాకు మరొక సంగతి కంటబడింది. ఆమె కూడా చాలా ఏళ్ళు రెండో గోల్‌కీపరే! మొదటి గోల్‌కీపర్ హర్యానాకు చెందిన సవిత. ఆమె పుట్టింది కూడా 1990లోనే. పైవాడు వయసు మళ్ళి తప్పుకుంటే మన వంతు వస్తుందని రెండోవాడు ఎదురుచూడడం లోకంలో ఉన్నదే. కాని ఇక్కడ ఇద్దరిదీ ఒకే వయసు. ఎదురుచూపుకు గడువు లేదు.

ఇందులో హాకీ నియమాల పాత్ర కూడా కొంత ఉంది. ప్రపంచ కప్పు, ఆసియా క్రీడలు వంటి పోటీలకు 18 మందితో జట్టు పోతుంది. అందులో ఇద్దరు గోల్‌కీపర్లకు చోటు దొరుకుతుంది. ఒలింపిక్సుకు మాత్రం 16 మందే. ఉన్న స్థలం ఫార్వర్డులకూ, డిఫెండర్లకూ సరిపోదు కాబట్టి సాధారణంగా ఒకే గోల్‌కీపర్‌ను తీసుకుంటారు. రెండోవారు 16 మందికి బయట ఉంటారు. మొదటివారికి దెబ్బ తగిలితేనే లోపలికి పిలుపు.

భారత మహిళల జట్టు 1980 మాస్కో తర్వాత 36 ఏళ్ళకు, 2016లో రియో ఒలింపిక్సుకు అర్హత సంపాదించింది. అక్కడ గోల్ ముందు నిలబడింది సవిత, అదనపు గోల్‌కీపర్ రజని. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మన అమ్మాయిలు క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచారు. అప్పుడూ గోల్‌లో సవిత, అదనంగా రజని. రెండు ఒలింపిక్సులకు సిద్ధమై, రెండింటిలోనూ గీత బయట నిలబడడమంటే ఏమిటో ఒక్క పోటీకే అలిగి కూర్చున్న నేను కొంచెం ఊహించుకోగలను.

గీత బయట నిలబడితే పోయేది పేరు ఒక్కటే కాదు. విజ్ఞానశాస్త్ర విద్యార్థిని కాబట్టి చిన్న లెక్కతో చెబుతాను. గోల్ వెడల్పు 3.66 మీటర్లు. గోల్ ముందరి అర్ధవృత్తపు అంచు 14.63 మీటర్ల దూరంలో ఉంటుంది. పెనాల్టీ కార్నర్‌లో ఆ అంచు నుంచి, గోల్‌కు ఎదురుగా, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో బంతి వచ్చిందనుకుందాం. అంటే సెకనుకు 25 మీటర్లు. గాలి నిరోధాన్ని వదిలేస్తే బంతి గోల్ చేరడానికి పట్టేది సుమారు 0.59 సెకను. కన్ను చూసి, మెదడు తెలుసుకొని, కండరం కదలడానికే సుమారు 0.2 సెకను పోతుంది. మిగిలిన కాలంలో గోల్ మధ్యన నిలబడిన మనిషి ఏ మూలకైనా 1.83 మీటర్లు అందుకోవాలి.

అందుకని గోల్‌కీపర్ గీత మీదనే ఉండక ముందుకు వస్తాడు. 3 మీటర్లు ముందుకు వస్తే, సరూప త్రిభుజాల లెక్క ప్రకారం, కాపాడవలసిన వెడల్పు 3.66 నుంచి సుమారు 2.91 మీటర్లకు తగ్గుతుంది. కాని బంతి రావడానికి పట్టే కాలం కూడా 0.59 నుంచి 0.47 సెకనుకు తగ్గిపోతుంది. వెడల్పు తగ్గించుకుంటే కాలం నష్టం, కాలం దక్కించుకుంటే వెడల్పు కష్టం. ఎంత ముందుకు రావాలన్నది ఏ పుస్తకమూ చెప్పదు. ఎదుటి జట్టు, ఆ మైదానం, ఆ రోజు, వీటిని బట్టి కాళ్ళకు తెలియాలి. కాళ్ళకు తెలిసేది మ్యాచ్ ఆడితేనే. రెండోవాడికి దొరకనిది ఆ మ్యాచే! ఆడకపోవడం వల్ల వెనుకబడతాడు, వెనుకబడ్డాడు కాబట్టి ఆడించరు. ఈ చక్రంలో పడినవాడు బయటికి రావడం ఎంతో కష్టం.

ఈ చక్రాన్ని ఇంకొక దేశంవాళ్ళు ఎట్లా తప్పించారో చూద్దాం. ఫిన్లాండు చిన్న దేశం, మంచు దేశం. అక్కడ హాకీ అంటే ఐస్ హాకీ. యూసె సారోస్ అనే ఫిన్లాండు కుర్రవాడు 1995లో పుట్టాడు. అమెరికాలోని నాష్‌విల్ జట్టు 2013లో అతణ్ణి ఎంచుకుంది. ఆ జట్టుకు అప్పటికే మొదటి గోల్‌కీపర్ పెక్కా రినె. అతడూ ఫిన్లాండువాడే, సారోస్ కంటే 12 ఏళ్ళకు పైగా పెద్ద, మనిషి ఆజానుబాహువు. సారోస్ ఆ ఆటకు పొట్టివాడి కింద లెక్క. అతడు కూడా కొన్నేళ్ళు రెండోవాడుగానే ఉన్నాడు. అయితే ఐస్ హాకీలో ప్రతి మ్యాచుకూ ఇద్దరు గోల్‌కీపర్లు కవచాలు తొడుక్కొని సిద్ధంగా ఉండాలన్నది పద్ధతి. అప్పట్లో ఒక సీజనులో మామూలుగా లీగు మ్యాచులే 82 ఉండేవి. అన్నీ ఒక్కడే ఆడలేడు కాబట్టి రెండోవాడికి ఏటా ఇరవై, ముప్పై మ్యాచులైనా దక్కుతాయి. 2021లో రినె విరమించేసరికి సారోస్ తయారై ఉన్నాడు. మరుసటి ఏడే ఆ లీగులో ఉత్తమ గోల్‌కీపర్ బహుమతికి చివరి ముగ్గురిలో నిలిచాడు. అతని ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ ప్రతిభకు తుప్పు పట్టకుండా కాపాడింది ఆ ఏర్పాటే కదా!

మరి రజనికి ఆ ఏర్పాటు ఎక్కడిది? ఫిన్లాండులో ఐస్ హాకీ లీగు ఇప్పటి రూపంలో 1975లోనే మొదలైంది. మన దేశంలో మహిళలకు హాకీ ఇండియా లీగ్ మొదలైంది 2025 జనవరిలో, అదీ నాలుగు జట్లతో. అయినా ఆమె నిలబడింది. 2017 ఆసియా కప్పు గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడలలో రజతం తెచ్చిన జట్టులో, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్యం తెచ్చిన జట్టులో రెండో గోల్‌కీపర్‌గా ఆమె పేరు ఉంది. 2022లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో జరిగిన ఐదుగురి హాకీ పోటీకి ఆమెనే కెప్టెన్‌గా పంపారు. ఈ ఆటలో మైదానం చిన్నది, గోల్ ఎక్కడి నుంచైనా కొట్టవచ్చు, గోల్‌కీపర్‌కు ఊపిరి సలపదు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన ఈ ఆట మొదటి ప్రపంచ కప్పుకు కూడా ఆమే కెప్టెన్. ఫైనల్లో మన జట్టు నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రెండో స్థానం పొందింది. ఓటమి పెద్దదే. కాని ఎనుములవారిపల్లె అమ్మాయి ప్రపంచ కప్పు ఫైనల్ చేరిన జట్టుకు నాయకురాలన్న మాట కూడా అంతే నిజం.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు టమోటా నారు నాటుతున్నారు. ఇప్పుడందరమూ నర్సరీ నుంచి ట్రేలలో నారు తెస్తున్నాం. మా నాయన ఎప్పటిలాగే రెండు ట్రేలు ఎక్కువ తెచ్చినాడు. "ఇవి దేనికి నాయనా?" అన్నాను, తెలిసి కూడా. "యాడ మొక్క పోతాదో మనకెరుకా? పోయిన చోట పెట్టల్ల గదా!" అన్నాడు. "మరి నన్నెందుకు అంటివి, బస్సు చార్జీలు దండగని?" అన్నాను. మా నాయన నవ్వినాడు. తర్వాత ట్రేలకు నీళ్ళు చల్లుతూ, "సరేలే. అయితే దీనికీ దినమూ నీళ్ళు పొయ్యాల. ట్రేలోనే నిలిపితే నారు సాగిపోయి దేనికీ పనికిరాదు" అన్నాడు.

నేను వెతుకుతున్న జవాబు నాకక్కడ దొరికింది. అదనంగా ఉండడం దండగ కాదు. అదనంగా ఉంచి నీళ్ళు పోయకపోవడమే దండగ. అందుకే జట్టు వదలిపెట్టాలనుకున్నవాణ్ణి మళ్ళీ పొద్దున్నే మైదానానికి పోతున్నాను. జట్టుకు ఉన్నది ఒకే జత ప్యాడ్లు. మొదటి గోల్‌కీపర్ విప్పిన తర్వాత, చెమట ఆరకముందే, అవే కట్టుకుంటున్నాను.

మన యూనియన్ మిత్రులకూ, ఆటల బాధ్యత చూసే అధ్యాపకులకూ ఒక చిన్న మనవి. హాకీ మ్యాచ్‌లో 15 నిమిషాల భాగాలు నాలుగు ఉంటాయి. వచ్చే సంవత్సరం స్నేహపూర్వక మ్యాచులలో ఒక భాగం రెండో గోల్‌కీపర్‌కు ఇవ్వండి. అప్పటికి ఆ రెండోవాణ్ణి నేను కాకపోవచ్చు. ఎవరైనా సరే, వాడికి ఆ పదిహేను నిమిషాలు ఇవ్వండి.

— ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి