సంచి భుజాన వేసుకుని దేశం చూద్దాం



దేశాటన అనగానే అది డబ్బున్నవాళ్ళ ముచ్చట అని మనలో చాలామంది అనుకుంటాం. అది నిజం కాదు. భుజాన ఒక సంచి, జేబులో కొద్దిపాటి డబ్బు, చేతిలో ఒక నోటు పుస్తకం ఉంటే చాలు, నెలరోజుల పాటు తెలియని ప్రాంతాలు తిరిగి రావచ్చు. అలా తిరిగేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. అది ఎలా సాధ్యమో తెలుసుకుందాం.

పూర్వపు యాత్రికులు

క్రీ.శ. 7వ శతాబ్దంలో చైనా భిక్షువు హుయాన్‌త్సాంగ్ తన చక్రవర్తి అనుమతి కూడా లేకుండా బయలుదేరి, ఎడారులు, మంచుకొండలు దాటి మన దేశానికి వచ్చాడు. బౌద్ధ ఆరామాలలో బస చేస్తూ, భాష నేర్చుకుంటూ తిరిగాడు. మనకు దగ్గరలోని ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, వచ్చి కొన్ని నెలలు చదువుకున్నాడు. 645లో చైనా చేరేసరికి ఆయన వెంట 657 గ్రంథాలు ఉన్నాయి.

తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. అప్పటికి రైలు లేదు. పల్లకీ బోయీలతో, పరివారంతో కలిపి సుమారు వంద మంది ఆయన వెంట నడిచారు. దారిలో చూసినవన్నీ రాసిపెట్టాడు కాబట్టే ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో పుస్తకంగా వచ్చి నేటికీ నిలిచింది.

దారి అందరిదీ కాని రోజులు

అయితే ఆ రోజుల్లో యాత్ర అందరికీ సాధ్యమయ్యేది కాదు. డబ్బు ఒక్కటే అడ్డు కాదు. సత్రాలలో చాలాచోట్ల కులాన్ని బట్టి వంట, కులాన్ని బట్టి వరుస ఉండేవి.

1901లో తొమ్మిదేళ్ళ అంబేద్కర్, అన్నతోను, అక్క పిల్లలతోను కలిసి సతారా నుంచి తండ్రి దగ్గరికి బయలుదేరాడు. మసూర్ స్టేషనులో రైలు దిగారు. వీళ్ళ కులం తెలియగానే బండి తోలడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరకు ఒకతను రెట్టింపు బాడుగ తీసుకున్నాడు. బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. దారి పొడవునా తాగడానికి నీళ్ళు దొరకలేదు. చేతిలో డబ్బుంది, తిండి ఉంది, కాని నీళ్ళిచ్చేవారు లేరు! అమెరికా, లండన్‌లలో చదివి 1917లో ఉద్యోగానికి బరోడా వచ్చినప్పుడు కూడా ఆయనకు ఆ ఊళ్ళో స్థిరమైన బస దొరకలేదు.

అలాంటి ఆయన అధ్యక్షుడుగా ఉన్న సంఘం ముసాయిదా తయారుచేసిన రాజ్యాంగం 1950 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును 19వ అధికరణం ఇచ్చింది. హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కులం పేరుతో అడ్డుపెట్టకూడదని 15వ అధికరణం చెప్పింది. కాబట్టి మనం యాత్రకు వెళ్ళడమంటే సరదా ఒక్కటే కాదు, మన హక్కును మనం వాడుకోవడం కూడా.

ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

1. ప్రయాణం: రేపల్లెలో బండి ఎక్కితే తెనాలిలో మెయిన్ లైను కలుస్తుంది. అక్కడి నుంచి దేశంలో ఎటైనా వెళ్ళవచ్చు. రైలులో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది. అందుకే ముక్కలు ముక్కలుగా టికెట్లు కొనడం కంటే ఒకే పొడవు టికెట్ చవక. 500 కిలోమీటర్లు దాటిన టికెట్‌పై దారిలో ఒకచోట, 1000 దాటితే రెండుచోట్ల దిగి రెండేసి రోజులు ఆగవచ్చు. మొదటి మజిలీ 500 కిలోమీటర్లు ప్రయాణించిన తర్వాతే ఉండాలి. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేటట్లయితే సర్క్యులర్ టికెట్ కూడా ఉంది. రాత్రిపూట ప్రయాణం చేస్తే ఆ రోజు గది అద్దె మిగులుతుంది.

2. బస: పెద్ద స్టేషన్లలో టికెట్ ఉన్నవారికి డార్మిటరీలు ఉంటాయి. గదికి బదులు మంచానికి మాత్రమే అద్దె కట్టే హాస్టళ్ళు పర్యాటక పట్టణాలలో ఉన్నాయి.

3. భోజనం: సిక్కుల గురుద్వారాలలో లంగరు ఉంటుంది. తల కప్పుకుని, చెప్పులు విడిచి వెళితే చాలు. ధనిక, పేద అందరూ నేలమీద ఒకే బంతిలో కూర్చుంటారు. ఏ కులమని అడగరు. అమృత్‌సర్ దాకా వెళ్ళనక్కరలేదు, మనకు దగ్గరలో నాందేడ్, బీదర్‌లలో ప్రసిద్ధ గురుద్వారాలు ఉన్నాయి. తిన్న తర్వాత గిన్నెలు కడగడంలో ఒక చెయ్యి వేయడం మర్యాద.

4. భాష: ఎంత, ఎక్కడ, నీళ్ళు, బస్సు, వద్దు, ధన్యవాదాలు – ఈ ఆరు మాటలు ఆ ప్రాంతపు భాషలో రాసుకుని నేర్చుకోండి. సగం పని జరుగుతుంది.

5. లెక్క: రోజుకు 400 రూపాయలు అనుకుంటే 30 రోజులకు 12,000. రైలు ఛార్జీలు వేరు. దానిపై నాలుగో వంతు ఆపదకు విడిగా ఉంచాలి. ప్రతి రాత్రి ఆ రోజు ఖర్చు రాసుకుంటే డబ్బు ఎక్కడ పోతుందో తెలుస్తుంది. ఒక ఊళ్ళో ఎక్కువ రోజులు ఉంటే ఛార్జీలు తగ్గుతాయి, ఊరూ బాగా తెలుస్తుంది.

దేశం హద్దు దాటాలంటే

మన పౌరులకు నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కరలేదు. రోడ్డు మార్గాన పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని చూపితే చాలు. బీహార్‌లోని రక్సౌల్, గోరఖ్‌పూర్ దగ్గరి సొనౌలీ ముఖ్యమైన దారులు. భూటాన్‌కు కూడా వీసా లేదు, కాని అనుమతి పత్రం కావాలి. 2022 నుంచి మనవారు కూడా రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి. కాబట్టి తక్కువ ఖర్చు యాత్రకు నేపాల్ మేలు.

జాగ్రత్తలు

డబ్బు రెండుచోట్ల పెట్టుకోవాలి. గుర్తింపు కార్డుల జిరాక్సు కాపీలు విడిగా ఉంచాలి. ఎక్కడ ఉన్నదీ రోజూ ఇంటికి తెలపాలి. మొదటిసారి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం మంచిది. రైలులో ఇబ్బంది వస్తే 139, ఎక్కడైనా ఆపద వస్తే 112 నంబర్లకు ఫోన్ చేయాలి. సంచి బరువు మీరు గంటసేపు మోసుకుని నడవగలిగినంతే ఉండాలి.

మిత్రులారా! ఒక ట్రంకు పెట్టెలో సామానంతా సర్దుకోవడం, పదిమందితో ఒకే గదిలో పడుకోవడం, పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడడం, తన బట్టలు తాను ఉతుక్కోవడం, కొత్త ఊరివాళ్ళతో స్నేహం చేయడం – దూర యాత్రికుడికి కావలసినవి ఇవే. ఇవన్నీ హాస్టల్ మనకు ముందే నేర్పింది. ఇక చదువు పూర్తయ్యేలోగా కొంచెం కొంచెం డబ్బు కూడబెట్టుకోవడం, బడిలో ఉన్న భారతదేశ పటాన్ని శ్రద్ధగా చూడడం మిగిలి ఉన్నాయి. ఆ పని ఈ రోజే మొదలు పెట్టండి.