రచయిత జీవితము: విజ్ఞానసర్వస్వములో ఏది వ్రాయవలెను, ఏది విడువవలెను?

విజ్ఞానసర్వస్వమును ఎవరును మొదటి పుటనుండి తుది పుటవరకు చదువరు. ఏదో ఒక పేరు, ఒక తేది, ఒక సందేహము మనస్సులో పెట్టుకొని దానిని తెరతురు. అడిగినదానికి సమాధానము దొరకగానే మూసివేయుదురు. ఆ కొద్ది నిమిషములలో చదువరి చూచిన పది పండ్రెండు వాక్యములే అతని జ్ఞాపకమున ఆ రచయితకు రూపము కల్పించును. ఆ వాక్యములే పిదప వాచకములలోనికి, సభలలోని ఉపన్యాసములలోనికి, పరీక్షల జవాబులలోనికి పోవును. అందొక పొరపాటున్నచో ఆ పొరపాటు కూడ వానితో పాటు ప్రయాణము చేయును.

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనవంటి వారికి ఈ విషయము మరింత ముఖ్యము. మన పిల్లలకు ఇంట తెలుగు మాట వినబడును. వీధిలో వేరొక భాష వినబడును. ఒక తెలుగు రచయితను గూర్చి పెద్ద గ్రంథము చదువు అవకాశము వారిలో అనేకులకు కలుగదు. వారికి దొరకునది ఒక చిన్న వ్యాసము మాత్రమే. కనుక ఆ వ్యాసమున ఏమి ఉండవలెను, ఏమి ఉండరాదు అను ప్రశ్న పండితులు మాత్రమే ఆలోచించుకొనవలసినది కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైన తరువాత విజ్ఞానసర్వస్వమునకు వ్యాసము వ్రాయు అవకాశము విద్యార్థికిని కలిగినది. అవకాశముతో పాటు బాధ్యతయు వచ్చినది.

తెలుగున ఈ బాధ్యతను మొదట పెద్దయెత్తున వహించిన వారు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు (1877–1923). నాగపురమున విద్యనభ్యసించి, తరువాత మదరాసున నివసించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ఆరంభించిరి. వారి కాలమున మూడు సంపుటములు వెలువడినను గ్రంథము అకారమును దాటలేదు. ఒక్క అక్షరమునకే మూడు సంపుటములు పట్టినవనగా, చెప్పదగిన విషయములు ఎంత విస్తారముగా నుండునో ఊహించుకొనవచ్చును. చోటు ఎప్పుడును తక్కువ. విషయము ఎప్పుడును ఎక్కువ. అందుచేత ఏరుకొనుటయే ఈ పనిలో మొదటి విద్య.

ఏరుటకు ఒక ఉదాహరణమును తీసికొందము. కందుకూరి వీరేశలింగము పంతులుగారిని గూర్చి వ్యాసము వ్రాయవలసి వచ్చినదనుకొనుడు. వారినే ఎన్నుకొనుటకు కారణమున్నది. వారు స్వయముగా ఆంధ్రకవుల చరిత్రమును వ్రాసి, ఇతరుల జీవితములను జల్లెడ పట్టినవారు. తమ జీవితమును స్వీయచరిత్రముగా రెండు భాగములలో వ్రాసికొన్నవారు. ప్రాచీనకవుల విషయమున వారికి ఎదురైన కష్టము వేరు. వారి విషయమున మనకు ఎదురగు కష్టము వేరు. నన్నయభట్టు రాజరాజనరేంద్రుని ఆస్థానమున ఉండెనని మనకు తెలియును గాని, ఆయన పుట్టిన తేది తెలియదు. అట్టి కవుల విషయమున అవతారికలలోని పద్యములు, శాసనములు, కృతిపతుల కాలము వీనితోనే తృప్తిపడవలెను. పంతులుగారి విషయమున సామగ్రి కుప్పలుగా ఉన్నది. ఏది విడువవలెనో తెలియకపోవుటయే ఇక్కడి చిక్కు.

మొదట, ఏ వ్యాసమునకైనను తప్పనిసరియగు వివరములు కొన్ని కలవు. పేరు, పుట్టిన తేది, స్థలము, తల్లిదండ్రులు, చదువు, వృత్తి, ముఖ్యరచనలు, మరణము. పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిరి. 1919 మే 27న మదరాసున మరణించిరి. వీనిని చర్చింప పనిలేదు. ఇవి లేనిదే ఆ మనుష్యుని కాలములో నిలుపజాలము. ఇంటిపేరు కందుకూరనుట చేత వారు కందుకూరున పుట్టిరని కొందరు విద్యార్థులు పొరబడుదురు. పూర్వులు ఆ యూరివారు. వీరి జన్మస్థలము గోదావరీతీరము. పొరపాటు కలుగు చోట అరవాక్యము ఎక్కువ వ్రాసినను మంచిదే.

తప్పనిసరి వివరములు ముగిసిన పిదప అసలు ప్రశ్న వచ్చును. దీనికి నేను నమ్మిన సూత్ర మొకటి యున్నది. ఏ కార్యముచేత ఆ వ్యక్తి ప్రసిద్ధుడయ్యెనో, ఆ కార్యమును అర్థము చేసికొనుటకు ఈ వివరము తోడ్పడునా? తోడ్పడినచో వ్రాయవలెను. తోడ్పడనిచో, ఎంత నిజమైనను, ఎంత రసవంతమైనను, విడువవలెను. అనగా వివరము నిజమగుట ఒక్కటే చాలదు. దానికి అక్కడ పని ఉండవలెను.

ఈ సూత్రమును పరీక్షించి చూతము. పంతులుగారికి నాలుగేండ్ల వయస్సున తండ్రి మరణించెను. పెదతండ్రి వారిని పెంచెను. ఇది వ్రాయదగినది. పదుమూడవ యేట వారికి వివాహమైనది. పెండ్లికూతురు అంతకన్న చిన్నపిల్ల. సాధారణముగా వివాహపు వయస్సు విజ్ఞానసర్వస్వమునకు అక్కరలేదు. కాని బాల్యవివాహములను జీవితమంతయు ఎదిరించిన వ్యక్తికి తానును అట్టి వివాహమే జరిగెననుట చదువరి తెలిసికొనవలసిన విషయము. అదే వివరము, వ్యాకరణము మాత్రమే వ్రాసిన మరియొక పండితుని విషయమున అనవసరమగును. కాబట్టి ఏ వివరమును స్వతహాగా పెద్దది కాదు, చిన్నది కాదు. కార్యముతో దానికి గల సంబంధమునుబట్టి దాని విలువ ఏర్పడును.

ఉద్యోగముల సంగతియు ఇట్టిదే. యానాముకు చేరువనున్న కోరంగిలోను, పిదప ధవళేశ్వరములోను వారు ఉపాధ్యాయులుగా ఉండిరి. జీతమెంత, బదిలీ ఎప్పుడు అనునవి అక్కరలేదు. కాని ధవళేశ్వరమున ఉండగా 1874లో బాలికల పాఠశాలను స్థాపించిరి. ఆ యేడే వివేకవర్ధని పత్రికను ఆరంభించిరి. దీనినిబట్టి బడిపంతులు ఉద్యోగమే వారి సంస్కరణకు మొదటి నెలవైనదని తెలియుచున్నది. కనుక కోరంగి, ధవళేశ్వరముల పేర్లు వ్యాసమున నిలువవలెను.

కులమును వ్రాయవలెనా? ఇది నేడు అనేకులకు ఇబ్బంది కలిగించు ప్రశ్న. కులమును కిరీటమువలె తలకెత్తుటకు వ్రాయుట తప్పు. పంతులుగారి విషయమున మాత్రము దానిని దాచిపెట్టిన అర్థము చెడును. వితంతువుల పునర్వివాహమును గట్టిగా నిషేధించిన బ్రాహ్మణసంఘమున వారు పుట్టిరి. వారిని వెలివేసినది తమ బంధువర్గమే. ఆ ఎదిరింపు విలువ తెలియుటకు ఆ మాట కావలెను. అంతకుమించి శాఖలు, గోత్రములు చేర్చిన ప్రయోజనము లేదు.

ఇక భార్యను గూర్చి. మన వ్యాసములు చాలవరకు “వీరి భార్య ఫలానా, సంతానము ఇంతమంది” అని ఒక వాక్యముతో ముగించును. రాజ్యలక్ష్మమ్మగారి విషయమున అది అన్యాయము. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు వంటవారును, నీరు తెచ్చువారును రాకుండిరి. ఆమె స్వయముగా గోదావరి నీరు మోసి, వంటచేసి, వచ్చినవారికి వడ్డించెను. ఆ చేతులు లేనిదే ఆ వివాహము లేదు. కావున ఆమె పేరు కుటుంబ వివరములలో మాత్రమే గాక, కార్యమును వర్ణించు వాక్యములో ఉండవలెను. స్త్రీల జీవితములు చరిత్రలో ఎట్లు జారిపోవునో గ్రహించి, లక్ష్మణరావుగారి అక్క భండారు అచ్చమాంబగారు అబలా సచ్చరిత్ర రత్నమాల అను పేర స్త్రీల చరిత్రలను కూర్చిరి. వ్యాసము వ్రాయువారు ఆమె పనిని మరువరాదు.

బిరుదుల విషయమున మనవారికి మక్కువ ఎక్కువ. పంతులుగారిని గద్య తిక్కన యనిరి. ప్రభుత్వమువారు రావు బహద్దూరు బిరుదమిచ్చిరి. రెంటిని ఒక్కొక్కమారు చెప్పిన చాలును. “మహానుభావుడు, అసమానప్రతిభావంతుడు” అను విశేషణములు వారిని గూర్చి క్రొత్తగా ఏమియు తెలుపవు. పని చెప్పిన గొప్పదనము తానే తెలియును.

“మొట్టమొదటి” అను మాట బిరుదులకన్న ప్రమాదకరమైనది. రాజశేఖర చరిత్రము తెలుగున మొదటి నవల యని అనేకులు వ్రాయుదురు. నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్ర 1872లోనే వెలువడినది. పంతులుగారి రచన 1878 నాటిది. ఏది నవల, ఏది కాదు అను వాదము విమర్శకులది. వ్యాసకర్త ఈ రెండు సంవత్సరములను చెప్పి ఊరకుండవచ్చును. రాజశేఖర చరిత్రమునకు గోల్డ్‌స్మిత్ ఆంగ్లనవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణము. ఈ సంగతి చెప్పుట గ్రంథకర్తను తక్కువ చేయుట కాదు. 1887లో అది ఆంగ్లములోనికి అనువదింపబడెననుటయు చెప్పవలసినదే. మెచ్చుకోలునకు పనికివచ్చునది మాత్రమే ఏరుకొన్నచో అది అభినందనపత్ర మగును గాని విజ్ఞానసర్వస్వము కాదు.

ముచ్చటల మాట యేమి? దయ్యములు లేవని చూపుటకు పంతులుగారు అర్ధరాత్రి శ్మశానమునకు పోయిరను కథను బడిలో చెప్పిన పిల్లలు కన్నులార్పక విందురు. పాఠమునకు అది మంచిదే. చిన్న వ్యాసమున దానికి చోటులేదు. మూఢవిశ్వాసములను ఖండించిరను ఒక్క మాటలో అది ఇమిడిపోవును. ముచ్చట ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి అనునదియు విచారింపవలెను. స్వీయచరిత్రము గొప్ప ఆధారము. అయినను అది ఒకరి వాఙ్మూలము. రచయిత తన మనస్సును గూర్చి చెప్పినది అందునుండి గ్రహింపవచ్చును. ప్రతిపక్షులను గూర్చి చెప్పినదానిని “ఆయన వ్రాసికొన్న ప్రకారము” అని సూచించి వ్రాయుట న్యాయము.

జీవితపు చివరి భాగమున పంతులుగారిపై అపవాదములు బయలుదేరినవి; పరువునష్టపు వ్యాజ్యము నడచినది. దానిని పూర్తిగా దాచుట భక్తి. సాగదీసి వర్ణించుట కుతూహలము. రెండును విజ్ఞానసర్వస్వమునకు తగవు. ప్రజాజీవితముతో సంబంధమున్నంతవరకు ఒక వాక్యమున చెప్పి, తీర్పు చెప్పు పనిని మానుకొనవలెను. ఆ వివాదమున చిక్కుకొన్న అప్రసిద్ధుల పేర్లను ఎత్తనక్కరలేదు. వారు రచయిత వలె కీర్తిని కోరినవారు కారు. వారి సంతతి నేటికిని ఏదో ఒక ఊర బ్రతుకుచుండవచ్చును.

కొన్ని వివరములు విడిగా చూచిన చిన్నవిగా తోచును గాని జీవితమునకంతకు అర్థము తెచ్చును. పంతులుగారు యౌవనమున శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము వ్రాసిరి. పెదవులు తగులు అక్షరములు లేక, సంస్కృతపదములు లేక, వచనము లేక కావ్యము వ్రాయుట ఎంత కష్టమో తెలుగు చదువుకొన్నవారికి చెప్పనక్కరలేదు. అట్టివారు 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. ఈ రెండు సంగతులలో ఒక్కదానినే వ్రాసిన సగము మనిషి కనబడును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టినచో, మారుటకు జంకని బుద్ధి కనబడును. రచయిత అభిప్రాయము మార్చుకొన్న చోటును ఎన్నడును విడువరాదు.

తుదకు మనకు ప్రియమైన వివరమొకటి. పంతులుగారు మదరాసున లక్ష్మణరావుగారి ఇంటనే కన్నుమూసిరి. కవుల చరిత్రము వ్రాసినవారు విజ్ఞానసర్వస్వము కూర్చినవారి ఇంట మరణించుట ఈ నగరపు తెలుగువారికి గర్వకారణము. దానిని వ్యాసమున వ్రాయవచ్చునా? అర వాక్యము వ్రాయవచ్చును. ఇద్దరి కృషికిని గల చుట్టరికమును అది తెలుపును. కాని “మన ఊరివాడు” అను ఆశతో దానికొక పేరా కేటాయించినచో రాజమహేంద్రవరము మరుగుపడును. మాతృభూమికి దూరముగా నున్న వారికి ఈ ఆశ సహజము. సహజమైనను అదుపులో పెట్టుకొనవలెను. మన సంఘము మీది ప్రేమచేత చదువరికి తప్పు కొలత ఇచ్చుట తగదు.

పై నియమములనుబట్టి ఒక చిన్న మచ్చు వ్యాసమును క్రింద ఇచ్చుచున్నాను.

“వీరేశలింగము, కందుకూరి (1848–1919): రచయిత, సంఘసంస్కర్త, పత్రికా సంపాదకుడు. రాజమహేంద్రవరమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగవ యేట తండ్రి మరణింపగా పెదతండ్రి పెంచెను. పదుమూడవ యేట బాల్యవివాహము జరిగెను. కోరంగి, ధవళేశ్వరములలో ఉపాధ్యాయుడుగాను, రాజమహేంద్రవరమున తెలుగు పండితుడుగాను పనిచేసెను. 1874లో బాలికాపాఠశాలను, వివేకవర్ధని పత్రికను స్థాపించెను. 1881 డిసెంబరు 11న, సంఘబహిష్కారమును లెక్కింపక, భార్య రాజ్యలక్ష్మి తోడ్పాటుతో వితంతు వివాహమును జరిపించెను. రాజశేఖర చరిత్రము (1878), ఆంధ్రకవుల చరిత్రము, స్వీయచరిత్రము ముఖ్యరచనలు. యౌవనమున నిరోష్ఠ్యకావ్యము వ్రాసిన ఇతడు 1919లో వ్యావహారికభాషా సమాజమునకు అధ్యక్షుడయ్యెను. ఆ యేడు మే 27న మదరాసున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఇంట మరణించెను.”

ఇందు ఏ వాక్యమును తీసివేసినను ఏదో ఒక లోటు కనబడును. అదియే మంచి వ్యాసమునకు గుర్తు. బిరుదులు, శ్మశానపు కథ, వ్యాజ్యము ఇందు లేవు. నాలుగింతల చోటున్నచో బిరుదులును వ్యాజ్యమును ఒక్కొక్క వాక్యముగా చేరును. కథ అప్పటికిని చేరదు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీరొక తెలుగు రచయితను ఎన్నుకొని నూరు మాటలలో వ్యాసము వ్రాయుడు. ప్రతి వాక్యమును మూడు ప్రశ్నలు అడుగుడు: ఇది నిజమని నాకెట్లు తెలియును? ఆయన పనిని గ్రహించుటకు ఇది తోడ్పడునా? దీనివలన నిరపరాధి ఎవరైన నొచ్చునా? మూడింటికిని సరియైన జవాబు వచ్చిన వాక్యమునే ఉంచుడు. మన పెద్దలు ఈ ఊళ్లలో కట్టుకొన్న బడులలో తెలుగు నిలుచుటకు పద్యములు వల్లించుట ఎంత అవసరమో, నిజమును కొలిచి వ్రాయ నేర్చుటయు అంత అవసరము.